గాయపడిన కండరాన్ని తిరిగి నిర్మించేదెవరు?

అస్థి కండర తంతువు అనేక కేంద్రకాలున్న పొడవాటి కణం. ఆ కేంద్రకాలు మళ్లీ విభజన చెందవు. అయినా గాయపడిన కండరం కోలుకుంటుంది. 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండరాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, తంతువు పొరకూ దాన్ని చుట్టి ఉన్న ఆధార పటలానికీ మధ్య ఒదిగిన చిన్న కణాలను వర్ణించారు. ఇవే శాటిలైట్ కణాలు, అంటే కండర మూలకణాలు. పాక్స్-7 ప్రోటీన్ వీటి గుర్తు. మామూలుగా నిద్రాణంగా ఉండి, దెబ్బ తగిలితే విభజన చెందుతాయి. ఎక్కువ భాగం మయోబ్లాస్టులై (కండర పూర్వ కణాలై), కలిసిపోయి తంతువులవుతాయి. కొన్ని మాత్రం మళ్లీ నిద్రాణస్థితికి చేరి నిల్వను కాపాడతాయి. నా దృష్టిలో ఇదే అసలు కీలకం: ఈ నిల్వ లేకపోతే మరో గాయానికి మూలకణాలే మిగలవు.

చిన్న రక్తనాళాలను చుట్టి ఉండే పెరిసైట్ల వంటి ఇతర కణాలూ కండరంగా మారగలవు కదా అన్న అభ్యంతరం సహేతుకమే. కానీ 2011లో పలు ప్రయోగశాలలు చిట్టెలుకల్లో పాక్స్-7 కణాలను తొలగించి చూస్తే, గాయం తర్వాత పునరుత్పత్తి దాదాపు ఆగిపోయింది. మిగతా కణాలు ఆ లోటు పూడ్చలేదు. అలాగని వయసుతో కండరం సన్నబడటానికి ఈ కణాల కొరతే కారణమనడం తొందరపాటు. యుక్తవయసులోనే వీటిని తొలగించిన చిట్టెలుకల్లో ముసలితనానికి కండర పరిమాణం అదనంగా తగ్గలేదని 2015లో తేలింది. పీచు కణజాలం మాత్రం పెరిగింది. కాబట్టి పునరుత్పత్తినీ పరిమాణ నిర్వహణనూ విడివిడిగా చూడాలి. పునరుత్పత్తి చాలకపోతే ఏమవుతుందో వ్యాధిలో కనిపిస్తుంది: ఎక్స్ క్రోమోజోమ్‌పై డిస్ట్రోఫిన్ జన్యువు దెబ్బతినడం వల్ల వచ్చే డుషెన్ కండర క్షీణతలో తంతువులు పదేపదే చిట్లుతాయి, మరమ్మతు వెనకబడుతుంది, క్రమంగా కండరం స్థానంలో కొవ్వు, పీచు చేరతాయి.