ముందు మొక్కలు, తరవాతే చేపలు

ప్రశ్న: ఫిల్టర్‌ని ప్రతి ఆదివారం కుళాయి కింద తళతళలాడేలా కడుగుతున్నాను. అయినా చేపలు చచ్చిపోతున్నాయి. ఎందుకు? – గుడివాడ

జవాబు: అలా కడగబట్టే. ఫిల్టర్‌లో పెరిగే మేలుచేసే బ్యాక్టీరియా దాంతో పోతోంది. ఇకనుంచి తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే స్పాంజిని రెండుసార్లు పిండి, మళ్లీ పెట్టేయండి.

ప్రశ్న: రెండడుగుల తొట్టి కొన్నాం. మొక్కలు పెంచాలని ఉంది. షాపతను క్యానిస్టర్ ఫిల్టర్ లేనిదే కుదరదంటున్నాడు. అడుగున రంగురాళ్లు పోస్తే మొక్కలు కుళ్లిపోయాయి. ఏం చేయాలి? – పటమట

జవాబు: అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టయితే అందులో పట్టేవి దాదాపు 55 లీటర్లు. దానికి క్యానిస్టర్ దండగ, స్పాంజి ఫిల్టర్ చాలు. ఫిల్టరంటే మురికి పట్టే జల్లెడ అనుకుంటారు చాలామంది. దాని అసలు పని, చేపల వల్ల పుట్టే అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తరవాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకి చోటివ్వడం. నీళ్ల వేడి, పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం ముదురుతుంది. కైకలూరు వైపు చెరువు రైతునెవరినైనా అడగండి, ఆ భయమేమిటో చెబుతారు. పైగా వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. 20 డిగ్రీల దగ్గర లీటరులో 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర కరిగేది ఏడున్నరే. మే నెల బెజవాడ ఎండల్లో కరెంటు పోయిందనుకోండి, మూతపెట్టిన క్యానిస్టర్‌లో బ్యాక్టీరియాకి ఊపిరాడదు. స్పాంజికైతే బ్యాటరీ ఎయిర్ పంప్ తగిలిస్తే సరి.

ఇక అడుగు సంగతి. రంగురాళ్ల సందుల్లో వేరు నిలవదు, దానికి తిండీ దొరకదు. కృష్ణ ఇసుక జల్లించి, ఆవగింజకీ కందిగింజకీ మధ్య ఉన్న రవ్వ తీసుకోండి. గుప్పెడు ఇసుక గిన్నెలో వేసి నిమ్మకాయ పిండండి. బుసబుసా నురగొస్తే అందులో గుల్లపెంకులున్నట్టు, నీళ్ల కఠినత పెంచుతాయి, వాడొద్దు. మంగినపూడి నుంచి తెచ్చిన సముద్రపు ఇసుక అసలే పనికిరాదు. ఇసుక కింద అంగుళం మందాన మట్టి వేయొచ్చు. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ 1999లో పుస్తకం రాసి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే అది. అయితే వరిచేను మట్టి తేకండి. అందులోని యూరియా, డీఏపీ నీళ్లలోకి దిగితే వారంలో తొట్టంతా పచ్చనాచు. ఎరువు పడని పాత మట్టి మీద అంగుళంన్నర ఇసుక కప్పండి.

నేను ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెబుతున్నాను. డబ్బు మొక్కల మీద పెట్టండి. మన కాలువల్లో పెరిగే వాలిస్నేరియా, హైడ్రిల్లా అమ్మోనియాని నేరుగా తినేస్తాయి. తొలిరోజే తొట్టి నిండా నాటండి. చేపలు లేకుండా నెల, నెలన్నర ఫిల్టర్ తిరగనివ్వండి. పిల్లలు మారాం చేస్తారు, నిజమే. కొత్త ఆకు ఎప్పుడు విచ్చుతుందో రోజూ వాళ్లనే చూడమనండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక చేపలు తెచ్చుకోండి, అవీ నాలుగైదుకు మించకుండా.

ప్రశ్న: సక్కర్ చేప అడుగు దాటింది. బందరు కాలువలో వదిలేయొచ్చా? – కృష్ణలంక

జవాబు: వద్దంటే వద్దు. ఇలా వదిలేసిన జాతులే ఇవాళ డెవిల్ ఫిష్ పేరుతో కాలువల్లో, చెరువుల్లో చేరి వలలు చింపుతున్నాయి, మన చేపల మేత లాక్కుంటున్నాయి. కొన్న షాపులోనే తిరిగి ఇవ్వండి. తీసుకోకపోతే పెద్ద తొట్టి ఉన్నవాళ్లకివ్వండి. ఎవరూ దొరకకపోతే పెద్ద తొట్టి కొని మీరే పెంచాలి.