బబులోను హాస్టల్లో నలుగురు విద్యార్థులు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు ఉద్యోగం, విశ్వాసం, వ్యక్తిత్వ వికాసం అనే మూడింటి గురించి రాద్దామనుకున్నాం. మూడూ ఒకే మనిషిలో ఇమడవలసినవే. కానీ మనకు వీటిని ముగ్గురు వేరువేరు మనుషులు నేర్పుతారు. ఉద్యోగం సంగతి కోచింగ్ సెంటర్ సారు చెబుతాడు. విశ్వాసం సంగతి పాస్టరుగారు చెబుతారు. వ్యక్తిత్వ వికాసానికి యండమూరి, పట్టాభిరాం పుస్తకాలు ఉన్నాయి. ఒకరు చెప్పింది ఇంకొకరి చెవిన పడదు. మధ్యలో నలిగేది మనం.

మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేమే. పెద్దపంజాణి చుట్టుపక్కల పల్లెల్లో టమోటా కోతకు పోయే అమ్మానాన్నలు మమ్మల్ని చదవమన్నారు గానీ, ఏం చదవాలో చెప్పలేకపోయారు. పాపం, వాళ్లకెలా తెలుస్తుంది? ప్రార్థన చెయ్యమని మాత్రం చెప్పారు. పీజీ దాకా వచ్చాక ఆ రెండు మాటలకూ పొంతన ఎక్కడుందో వెతికితే, బైబిల్లో దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం కనబడింది. మన హాస్టల్లో బొట్టు పెట్టుకునే తమ్ముడూ ఉన్నాడు, ఆదివారం ప్రార్థనకు పోయే తమ్ముడూ ఉన్నాడు. ఈ పాఠం ఇద్దరికీ పనికొస్తుందనే మా నమ్మకం.

మూడేళ్ల కోర్సు

క్రీస్తుపూర్వం 605 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును ముట్టడించి, యూదుల పిల్లల్లో తెలివైనవాళ్లను ఏరి తన దేశానికి తీసుకుపోయాడు. వాళ్లకు మూడేళ్ల శిక్షణ, కల్దీయుల భాష, కల్దీయుల విద్య. భోజనం, వసతి సర్కారుదే. కోర్సు అయ్యాక రాజుగారి కొలువు. ఇది హాస్టలు కాక మరేమిటి? దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా అనే నలుగురు అందులో చేరారు. చేరగానే పేర్లు మార్చేశారు. దానియేలు బెల్తెషాజరు అయ్యాడు. మిగిలిన ముగ్గురు షద్రకు, మేషాకు, అబేద్నెగో.

దానియేలు దేన్ని కాదన్నాడు, దేన్ని కాదనలేదు అన్నది ఇక్కడ చూడాలి. చాలామంది ప్రసంగీకులు మొదటిది చెప్పి రెండోది వదిలేస్తారు. అన్యుల భాష నేర్చుకోను అనలేదు. అన్యుల శాస్త్రం చదవను అనలేదు. పేరు మార్చినా గొడవ పడలేదు. రాజు తినే భోజనం, తాగే ద్రాక్షారసం మాత్రం వద్దన్నాడు. అంటే గీత ఎక్కడ గియ్యాలో ముందే తేల్చుకున్నాడు. ప్రతిదానికీ కాదు అనే మనిషికి ఉద్యోగం ఉండదు. దేనికీ కాదు అనని మనిషికి విశ్వాసం ఉండదు.

కాదన్న తీరు కూడా చూడండి. కంచం విసిరికొట్టలేదు. పై అధికారిని మర్యాదగా అడిగాడు. ఆయనకు దానియేలు మీద దయ ఉంది గానీ, మీ ముఖాలు చిక్కిపోతే రాజు నా తల తీయిస్తాడని భయపడ్డాడు. అప్పుడు దానియేలు కింది అధికారి దగ్గరికి పోయాడు. మన లెక్కలో వార్డెన్ సారు ఒప్పుకోకపోతే వంట మాస్టరును అడిగినట్టు. పది రోజులు శాకధాన్యాదులు, నీళ్లు ఇచ్చి చూడండి, తర్వాత మీ ఇష్టం అన్నాడు. గడువు పెట్టాడు, పరీక్షకు తనే ఒప్పుకున్నాడు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో నెగోషియేషన్ స్కిల్స్ అని ఓ అధ్యాయం ఉంటుంది కదా, అది ఇదే. (మన హాస్టల్లో కోడిగుడ్డు పెట్టే రోజు ఈ పరీక్షకు ఎంతమంది నిలబడతారో తెలియదు.)

మూడేళ్ల తర్వాత రాజు ఇంటర్వ్యూ చేస్తే రాజ్యంలోని శకునగాళ్లందరికంటే ఈ నలుగురూ పదిరెట్లు మెరుగని తేలింది. దేవుడు జ్ఞానమిచ్చాడని గ్రంథం చెబుతుంది, నిజమే. కానీ మూడేళ్లు చదివాక ఇచ్చాడు. పదో తరగతి పరీక్షల ముందు హాల్‌టికెట్ల మీద చేతులుంచి ప్రార్థించడం మన పక్క మామూలే. మేమూ హాల్‌టికెట్ చాపినవాళ్లమే. దాన్ని తప్పుపట్టం. కానీ లెక్కల పుస్తకం తెరవకుండా హాల్‌టికెట్ చాపడం దానియేలు దారి కాదు.

రెండు పేర్లు, ఒక సర్టిఫికెట్

బెల్తెషాజరు అనే పేరు చదివినప్పుడల్లా మాకు మన పల్లెలు గుర్తొస్తాయి. బడి రిజిస్టరులో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. ఈ విషయం గురించి మన దగ్గర గుసగుసలే తప్ప ఎవరూ నోరు విప్పి చెప్పరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు 1950లో వచ్చింది. అందులో మూడో పేరా ప్రకారం హిందూమతం కాక వేరే మతాన్ని అనుసరించే వ్యక్తిని షెడ్యూల్డు కులస్థుడిగా పరిగణించరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఇందులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు బీసీ-సి గ్రూపులోకి వస్తారు. దానికి రిజర్వేషన్ 1 శాతం. అయితే ఉద్యోగ, చట్టసభల రిజర్వేషన్ల వంటివి కాకుండా ప్రభుత్వం తన ఉత్తర్వులతో ఇచ్చే రాయితీలను ఇలా మారినవారికి కూడా వర్తింపజేస్తూ 1977లో జీవో వచ్చింది. సర్టిఫికెట్ మారితే అన్ని తలుపులూ మూసుకుపోతాయనే భయం పూర్తిగా నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

కోర్టులు ఈ విషయంలో గట్టిగానే ఉన్నాయి. రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకుంటూ క్రైస్తవాన్ని ఆచరించడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో చెప్పింది. పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ పొందలేడని 2025లో మన రాష్ట్ర హైకోర్టు తీర్పునిచ్చింది. ఇంకోవైపు, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని మన శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. మతం మారినా ఊళ్లో వాడ మారలేదు కదా అనే వాదనలో బలముంది. మేమూ ఆ వాదన పక్షమే. చర్చి గోడ దాటి వచ్చిన కులం ఉద్యోగం గడప దగ్గర మాత్రం మాయమవుతుందా?

అయితే వాదన వేరు, దరఖాస్తు ఫారం వేరు. ఫారం మీద సంతకం పెట్టేది మనం. మా స్నేహితుల్లో ఒకడు బాప్తిస్మం తీసుకున్నాక బీసీ-సి సర్టిఫికెట్ తెచ్చుకుని ఆ 1 శాతంలోనే పోటీ పడుతున్నాడు. ఇంట్లో వాళ్లు ఏడాదిపాటు మాట్లాడలేదు. ఇంకొకడు ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. ఎందుకని మేము అడగలేదు. ఎవరు గొప్పవారని తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. కానీ ఈ విషయం ఇంటర్మీడియట్‌లోనే తెలుసుకోవాలి. ఉద్యోగం వచ్చాక, ఎవరో పిటిషన్ వేశాక, విచారణ అధికారి ముందు కూర్చుని తెలుసుకునే సంగతి కాదిది. చెయ్యని పని గురించి చేశానని గానీ, చేసిన పని గురించి చెయ్యలేదని గానీ కాగితం మీద రాయకూడదన్నదే మేము గీసుకున్న గీత. దానియేలు ఆరో అధ్యాయంలో నూట ఇరవై మంది అధిపతులు, వారిపై ఇద్దరు తోటి ప్రధానులు అతని ఉద్యోగంలో ఒక్క తప్పు కోసం వెతికి దొరక్క అలసిపోయారు. ఫైళ్లు అంత శుభ్రంగా ఉండబట్టే శత్రువులు చివరికి అతని ప్రార్థన మీద పడ్డారు.

ఆదివారం సంగతి

గ్రూప్స్, బ్యాంకు, సివిల్స్ ప్రిలిమ్స్ పరీక్షలు ఎక్కువగా శని, ఆదివారాల్లోనే పెడతారు. ఆదివారం పరీక్ష రాస్తే పాపమా అని చాలామంది తమ్ముళ్లు అడుగుతారు. కాదనే మా అభిప్రాయం. ఏడాదిలో నాలుగైదు ఆదివారాలు పరీక్షకు పోవడం వేరు, మూడేళ్లు కోచింగ్ పేరుతో చర్చి మొహమే చూడకపోవడం వేరు. దానియేలుకు బబులోనులో దేవాలయమే లేదు. యెరూషలేము వైపు కిటికీ తెరుచుకుని రోజుకు మూడుసార్లు మోకరించాడు. బెంగళూరులో నైట్ షిఫ్ట్ చేసే మన సీనియర్ అన్న ఒకరు కంపెనీ బస్సులో కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటారు. పక్కవాళ్లు నిద్రపోతున్నాడనుకుంటారట!

మన దగ్గరి ఉదాహరణలు

బబులోను దూరమనిపిస్తే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం చూడండి. పలు మిషన్లు కలిసి 1915లో అక్కడ క్షయ ఆసుపత్రి పెట్టాయి. క్షయకు సరైన మందే లేని కాలమది. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్-మొల్లర్ దాన్ని నడిపారు. తర్వాత సూపరింటెండెంటుగా పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ భారత ప్రభుత్వానికి టీబీ సలహాదారయ్యారు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మదనపల్లెలోనే మొదలైంది. వాళ్లు వైద్యాన్ని పక్కనపెట్టి భక్తి చెయ్యలేదు, భక్తిని పక్కనపెట్టి వైద్యం చెయ్యలేదు.

ఇక జాషువా. బడిపంతులుగా, మూకీ సినిమాలకు కథ చెప్పేవాడిగా, రేడియో ఉద్యోగిగా ఎన్ని పనులు చేశాడో! హిందూ పురాణ కథల మీద పద్యాలు రాస్తే క్రైస్తవులు వెలివేశారు. కులం చూసి అవతలివాళ్లు దూరం పెట్టారు. ఆయన రెండువైపులా చదువుకున్నాడు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

మొదటి జీతం

మొదటి జీతంలో దశమభాగం ఎవరికి ముందు, చర్చికా, అమ్మ బంగారం కుదువపెట్టిన బ్యాంకుకా? దీనిమీద మా గదిలో అర్ధరాత్రి దాకా వాదనలు జరిగాయి. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో యేసు కొర్బాను గురించి చెప్పిన సంగతి చదవండి. దేవుడికి ఇచ్చేశాం అనే పేరుతో తల్లిదండ్రులకు చెయ్యవలసింది ఎగ్గొట్టేవాళ్లను ఆయన గట్టిగా మందలించాడు. అమ్మ కమ్మలు విడిపించడం కూడా కానుకే అని మేము అనుకుంటున్నాం. కొందరు పాస్టర్లు ఒప్పుకోరు.

ఆదివారం సాయంత్రం స్టడీ అవర్‌లో దానియేలు 1, 6 అధ్యాయాలు చదివి మాట్లాడుకోండి. దానియేలు పేరు మార్పును ఒప్పుకుని భోజనాన్ని ఎందుకు కాదన్నాడు? మీ చదువులో, మీరు చెయ్యబోయే ఉద్యోగంలో ఆ భోజనం లాంటిది ఏది? ఎనిమిదో అధ్యాయం చివర దానియేలు కొన్నాళ్లు జబ్బుపడి, లేచి, మళ్లీ రాజు పనికి పోయాడని ఉంటుంది. అది కూడా చూడండి. బొట్టు పెట్టుకునే తమ్ముళ్లను కూడా కూర్చోబెట్టుకోండి, వాళ్ల జవాబులు మనకు తట్టనివి కావచ్చు.