నేను వచ్చిన బస్సు, నేను వచ్చిన పని

తెలుగు వ్యాకరణం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది టెన్త్ పేపర్. సంధులు విడదీయడం, సమాసాల పేర్లు రాయడం, పద్యపాదానికి గురులఘువులు పెట్టడం. ఇంగ్లీష్‌లో పెరిగిన మనిషికి తెలుగు నేర్పేటప్పుడు వీటిలో ఒక్కటి కూడా అడ్డం రాదు. అడ్డం వచ్చేవి వేరే ఉన్నాయి. అవి మనకు ఏ టీచరూ చెప్పలేదు, ఎందుకంటే బడికి పోకముందే మనకు వచ్చేసినయ్.

నాకు ఈ సంగతి పోయిన ఎండాకాలం సెలవుల్లో తెలిసింది. మా పెద్దనాన్న బిడ్డ డాలస్‌లో పుట్టి పెరిగింది. పదిహేడేళ్లు. నెల రోజులు యెల్లారెడ్డిలో నానమ్మ దగ్గర ఉండడానికి వచ్చింది. నానమ్మకు ఇంగ్లీష్ రాదు. ఈ పిల్లకు తెలుగు అర్థమవుతుంది కానీ నోరు తెరవాలంటే ఆగిపోతుంది. నేనేమో కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా బస్సులో వారానికి రెండుసార్లు పోయి క్లాసు చెప్పేవాణ్ని. ఎల్‌కేజీ నుంచి నాదీ ఇంగ్లీష్ మీడియమే కాబట్టి ఆమెకు ఎక్కడ తట్టుకుంటుందో తొందరగానే పట్టుకోగలిగిన.

మొదటి వారంలోనే ఒకటి జరిగింది. నానమ్మతో "రేపు మేము గుడికి పోతాం" అన్నది. నానమ్మ "పోయి రాండ్రి బిడ్డా" అని లోపలికి పోయింది. నిజానికి ఈ పిల్ల నానమ్మను కూడా తీసుకుపోదామనే అన్నది! ఇంగ్లీష్‌లో 'వి' ఒక్కటే. తెలుగు మాత్రం ముందే అడుగుతుంది: వింటున్న మనిషి ఇందులో ఉన్నట్టా, లేనట్టా? ఉంటే మనం, లేకపోతే మేము. ఇది మన ఒక్కరి వింత కాదు. తమిళంలో ఉంది, మలయ్ భాషలో ఉంది. మన జిల్లాలోనే మద్నూర్ వైపు మరాఠీ మాట్లాడేవాళ్లు 'ఆపణ్' అనేది, 'ఆమ్హీ' అనేది ఇదే తేడాతో. హిందీ 'హమ్'కు ఈ తేడా లేదు. నేను చెప్పిన సూత్రం ఒకటే: 'వి' అనేముందు ఎదుటి మనిషి మొహం చూడు. నాతో అయితే 'మన నానమ్మ', పక్కింటోళ్లతో అయితే 'మా నానమ్మ'.

తర్వాతిది 'నాట్'. మనం కోడ్ రాసేటప్పుడు దేని ముందైనా ఆశ్చర్యార్థకం పెడితే తిరగబడిపోతుంది కదా, ఇంగ్లీష్ 'నాట్' దాదాపు అట్లాంటిదే. తెలుగులో ఆ ఒక్క గుర్తు లేదు. ఇది చాయ్ కాదు, చాయ్ లేదు, చాయ్ వద్దు. మూడూ వేరే మాటలు, మూడూ వేరే సంగతులు. ఇక్కడ ఆమెకు ఒక విచిత్రమైన సాయం దొరికింది. థాయ్ సీరియళ్ల పిచ్చితో ఆమె కొన్నాళ్లుగా థాయ్ నేర్చుకుంటుంది. థాయ్‌లో 'కాదు'కు 'మై చాయ్', 'లేదు'కు 'మై మీ', 'వద్దు'కు 'మై ఆవ్' అంటారట. 'ఇది చాయ్ కాదు' అని చెప్పాలంటే 'మై చాయ్ చాయ్' అనాలా అని ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. కానీ థాయ్‌లో మూడింటి ముందూ 'మై' ఉంది, పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. తెలుగులో అది కూడా లేదు.

క్రియ దగ్గర ఇంకో మెలిక. 'తాగను' అంటే ఎప్పుడూ తాగననా, ఇప్పుడు తాగననా? రెండూ. అందుకే నానమ్మ చాయ్ ఇస్తే "తాగను" అనకు, "ఇప్పుడు వద్దు" అను అని చెప్పిన. లేకపోతే ఇంకోసారి అడగరు.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది, నాకు అన్నిటికంటే నచ్చింది 'వచ్చిన'. ఇవి చూడండి: నేను వచ్చిన బస్సు. నేను వచ్చిన పని. నేను వచ్చిన రోజు. మొదటిది ఏ బస్సులో వచ్చిననో ఆ బస్సు. రెండోది ఏ పని మీద వచ్చిననో ఆ పని. మూడోది ఏ రోజున వచ్చిననో ఆ రోజు. ఇంగ్లీష్‌లో మొదటి రెండిటికీ ఒక ప్రిపోజిషన్ కావాలి, కొన్నిసార్లు 'విచ్' కూడా. తెలుగులో క్రియాజన్య విశేషణం ఒకటి పెట్టి ఊరుకుంటాం. బస్సుకూ నాకూ ఉన్న సంబంధం వినేవాళ్లే అర్థం చేసుకోవాలి. అట్లాగే నేను రాసిన పరీక్ష, నేను రాసిన పెన్ను. ఇది అర్థమయ్యాక ఆమెకు ఊపొచ్చింది. 'నేను వచ్చిన ఫ్రెండ్' అని కూడా అన్నది. అది కుదరదు. తోడు వచ్చిన మనిషైతే 'నాతో వచ్చిన ఫ్రెండ్' అనాల్సిందే. ఎందుకు కుదరదో వివరించడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. చెవికి తెలుస్తుంది, నోటితో చెప్పడం కష్టం.

దీని మీద యెల్లారెడ్డి తన మెలిక తాను పెడుతుంది. కోస్తాలో 'నేను వచ్చాను' అంటారు, మన దగ్గర 'నేను వచ్చిన' అంటే అదే పూర్తి వాక్యం. తర్వాత ఏమీ రాకపోతే వాక్యం, బస్సు వస్తే విశేషణం. డాలస్‌లో ఆమె చదివిన పుస్తకంలో 'వచ్చాను' ఒక్కటే ఉంది, అందుకని నానమ్మ "నేను వచ్చిన" అనగానే ఇంకేదో వస్తుందని ఎదురుచూస్తూ నిలబడేది. తప్పు నానమ్మది కాదు. ఇంగ్లీష్‌వాళ్ల కోసం పాత తెలుగు వ్యాకరణాలు చాలావరకు మద్రాసు వైపు నుంచి వచ్చినవే. క్యాంబెల్ పుస్తకం 1816లో వచ్చింది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాల కుటుంబమని ఎల్లిస్ వాదించింది దాని ముందుమాటలోనే. బ్రౌన్ వ్యాకరణం 1840, ఆర్డెన్‌ది 1873. ఆ రోజుల్లో మన ప్రాంతం నిజాం రాజ్యంలో ఉంది, వాళ్ల విద్యార్థులకు ఇక్కడ ఉద్యోగాలు లేవు. 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ రాసిన పుస్తకం వీటన్నిటికంటే ఈ కాలపు భాషకు చాలా దగ్గర, కానీ అది కూడా ప్రధానంగా ప్రామాణిక భాషకే. యెల్లారెడ్డి బస్టాండ్‌లో వినిపించే తెలుగుకు యెల్లారెడ్డి బస్టాండే పుస్తకం. కాబట్టి చివరి రెండు క్లాసులు అక్కడే బెంచీ మీద కూర్చొని పెట్టిన. వినబడిన ప్రతి 'వచ్చిన' తర్వాత ఏముందో నోట్‌బుక్‌లో రాయమన్న.

'నాకు ఆకలైతుంది', 'నాకు తెల్వదు' లాంటివి కష్టమవుతాయనుకున్న కానీ అవి రెండు రోజుల్లో వచ్చేసినయ్. ఆకలి మనం చేసే పని కాదు, మనకు జరిగేది అని చెప్తే చాలు.

ఒకదాని దగ్గర మాత్రం ఆమె ఒప్పుకోలేదు. తాత వచ్చిండు. నానమ్మ వచ్చింది. బస్సు వచ్చింది. నానమ్మకూ బస్సుకూ ఒకే క్రియ ఏంది అన్నా, అని నిలదీసింది. తమిళంలో ఆడవాళ్లకు వేరే రూపం ఉంది, మనకు ఏకవచనంలో మగవాళ్లు ఒకవైపు, మిగతా అంతా ఒకవైపు. బహువచనంలో మళ్లీ ఆడవాళ్లు మనుషుల వైపు వచ్చేస్తారు: వాళ్లు వచ్చిండ్రు, బస్సులు వచ్చినయ్. ఇదంతా చెప్పిన. వినింది. అప్పటి నుంచి నానమ్మకు బహువచనమే వాడుతుంది. మన ఇళ్లల్లో నానమ్మను ఎవరూ అట్లా అనరని చెప్పినా వినదు. "నానమ్మ వచ్చిండ్రు" అన్నప్పుడల్లా నానమ్మ వెనక్కి తిరిగి, ఇంకెవరొచ్చిండ్రు అని వాకిట్లోకి చూస్తుంది.