ఇంట చేసుకొన్న పొదుగు పెట్టెలో వోల్టేజి లోపములు – కనుగొను విధము

నాటు కోళ్లు పెంచు రైతులు థర్మోకోలు పెట్టెతోనో, ప్లైవుడ్డుతోనో గ్రుడ్లు పొదుగు పెట్టెలను ఇంటివద్దనే తయారు చేసుకొనుచున్నారు. అందులో వేడికి 230 వోల్టుల ఫిలమెంటు బల్బులు, గాలి తిరుగుటకు 12 వోల్టుల చిన్న ఫ్యాను, వేడిని అదుపు చేయుటకు డబ్ల్యు 1209 అను 12 వోల్టుల థర్మోస్టాటు పలక ఉండును. ఈ పలకకు, ఫ్యానుకు కావలసిన 12 వోల్టులను ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చుచున్నది. కోడి గ్రుడ్డు పిల్ల అగుటకు 21 రోజులు పట్టును. ఫ్యాను ఉన్న పెట్టెలో అన్ని రోజులును 37.5 సెంటీగ్రేడు డిగ్రీలకు దగ్గరగా వేడి నిలువవలెను. పదునైదవ రోజు రాత్రి బల్బు వెలుగక తెల్లవార్లూ పెట్టె చల్లబడినచో రెండు వారముల శ్రమ వృథా కాగలదు. అట్టి సమయమున చాలమంది థర్మోస్టాటు చెడినదని తలచి క్రొత్తది కొని బిగింతురు. మరునాటి సాయంత్రము మరల అదే కథ. తప్పు పలకది కాదు, దాని వెనుకనున్న ట్రాన్స్‌ఫార్మరుదో, దానికి వచ్చు కరెంటుదో కావచ్చును.

లక్షణమును ముందుగా చూడుడు. పలకపై అంకెలు మామూలుగానే కనబడును. వేడి తగ్గగానే ఎర్ర చుక్క దీపము కూడ వెలుగును. కాని రిలే "టిక్కు" మనదు, బల్బు వెలుగదు. దీనికి కారణము కలదు. పలకలోని అంకెల భాగమునకు 5 వోల్టులు చాలును. రిలేలోని తీగచుట్టకు మాత్రము పట్టుటకు సుమారు 9 వోల్టులు కావలెను. ఒకసారి పట్టిన రిలే అంతకంటె చాల తక్కువ వోల్టేజి వరకు విడువదు, కాని విడిచినది 9 లేనిదే మరల పట్టదు. కనుకనే పగలు బాగున్న పెట్టె సాయంకాలము ఊరిలో దీపములు, మోటార్లు ఒక్కసారిగా వేయు వేళకు మొరాయించుచుండును.

పరీక్షకు సామాన్యమైన మల్టీమీటరు ఒకటి చాలును. కొలుచు క్రమము నా అభిప్రాయమున తోక నుండి తల వైపునకు సాగవలెను. అనగా 12 వోల్టుల వైపు మొదలుపెట్టి 230 వైపు చివరకు రావలెను. ఇందువలన అపాయము తక్కువ, తప్పు కూడ త్వరగా దొరకును. ఫ్యాను తిరుగుచుండగానే కొలువవలెను. ఏ బరువూ లేని ట్రాన్స్‌ఫార్మరు చూపు వోల్టేజిని నమ్మరాదు. చిన్న ట్రాన్స్‌ఫార్మరు బరువు లేనప్పుడు 12కు మారుగా 14 వరకు చూపవచ్చును. అది లోపము కాదు.

మొదట మీటరును డి.సి.లో పెట్టి పలకకు చేరు రెండు తీగలను కొలువుడు. 12 ఉన్నచో ట్రాన్స్‌ఫార్మరు జోలికి పోనక్కరలేదు, రిలేను, బల్బు తీగలను చూడవలెను. తక్కువ ఉన్నచో 7812 అను మూడు కాళ్ల రెగ్యులేటరుకు ముందు, కెపాసిటరు రెండు కాళ్ల మధ్య కొలువుడు. ఈ రెగ్యులేటరు 12 వోల్టులు ఇవ్వవలెనన్న దానికి 14 అయినను అందవలెను. ఆ తరువాత మీటరును ఏ.సి.కి మార్చి ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ తీగలను కొలువుడు. ఏ.సి.ని డి.సి. స్థానములో కొలిచి "సున్న వచ్చినది, ట్రాన్స్‌ఫార్మరు కాలినది" అని పారవేసినవారు కలరు.

ఇక లెక్క చూతము. ఇందులోనే అసలు సంగతి ఉన్నది. 230 వోల్టులు వచ్చినప్పుడు సెకండరీ 12 ఇచ్చును. ఏ.సి. శిఖరము దానికి 1.414 రెట్లు, అనగా 17. నాలుగు డయోడ్ల వంతెనలో 1.4 పోగా కెపాసిటరుపై 15.6 నిలుచును. ఫ్యాను 200, పలక 65 మిల్లీ ఆంపియర్లు తీసుకొన్నచో మొత్తము 265. కెపాసిటరు 1000 మైక్రోఫారడులది అయినచో ఒక శిఖరమునకు మరియొక శిఖరమునకు నడుమ వోల్టేజి 2.6 దిగును. అనగా 15.6 నుండి 13 వరకు ఊగును. రెగ్యులేటరుకు కావలసినది 14 కదా! కరెంటు సరిగా ఉన్నప్పుడే ఈ పెట్టె అంచు మీద నడచుచున్నదన్నమాట. 1000కి బదులు 2200 మైక్రోఫారడుల కెపాసిటరు వేసినచో దిగుడు 1.2కు తగ్గి అడుగు 14.4 వద్ద నిలుచును. కెపాసిటరుపై 25 వోల్టులని, వీలైన 35 వోల్టులని వ్రాసి ఉండవలెను. 16 వోల్టులది వేయరాదు.

అదే ఊరిలో సాయంత్రము కరెంటు 170కి పడినదనుకొందము. ట్రాన్స్‌ఫార్మరు తన వంతుగా ఏమీ కల్పింపలేదు. అది చుట్ల నిష్పత్తి ప్రకారము మాత్రమే ఇచ్చును. 12ను 170తో హెచ్చవేసి 230తో భాగించినచో 8.9 వచ్చును. శిఖరము 12.5, డయోడ్లు పోగా 11.1, అడుగు 8.5. రెగ్యులేటరు తన వాటాగా ఇంకను ఒకటిన్నర, రెండు వోల్టులు మ్రింగును. రిలేకు 9 అందుట కల్ల. పాత విద్యుత్ నిబంధనల (1956) ప్రకారము ఇంటి కరెంటు నూటికి 6 పాళ్లకు మించి హెచ్చుతగ్గులు కారాదు. అనగా 216 నుండి 244 లోపల ఉండవలెను. ఊరి చివరి లైనులో ఇది నిలుచునో లేదో రాత్రి 7 గంటలకు సెకండరీని కొలిచి పై లెక్కను తిరుగవేసినచో, 230 ప్లగ్గును ముట్టకయే ఇంచుమించుగా తెలియును.

కరెంటు బాగుండియు వోల్టేజి తక్కువైనచో డయోడ్లను అనుమానింపవలెను. వంతెనలో ఒక డయోడు తెగినచో సగము అలయే పనిచేయును, దిగుడు రెట్టింపగును. ప్లగ్గు తీసి, మీటరును డయోడు గుర్తుపై పెట్టి ప్రతిదానిని పరీక్షింపుడు. ఒక వైపు 0.5 నుండి 0.7 వరకు చూపి, మీటరు కడ్డీలను తారుమారు చేసినప్పుడు ఏమియు చూపనిది మంచిది. రెండు వైపుల చూపినది, అసలు చూపనిది పనికిరావు. వంతెనలోనే ఉంచి కొలిచి సందేహము కలిగినచో డయోడు ఒక కాలును విప్పి కొలువవలెను. తల ఉబ్బిన కెపాసిటరును కొలుచు పనియే లేదు, మార్చివేయుడు.

12-0-12 అని వ్రాసిన ట్రాన్స్‌ఫార్మరుకు సెకండరీ వైపు మూడు తీగలు ఉండును. వాని రంగులను నమ్మరాదు. నడిమి తీగకు, ఒక అంచుకు మధ్య 12 వచ్చును. రెండు అంచుల మధ్య 24 వచ్చును. ఈ రెండు అంచులను వంతెనకు కలిపినచో కెపాసిటరుపై 32 దాటును. బరువు లేనప్పుడు 38 వరకు పోవును. 7812 తట్టుకొను గరిష్ఠము 35 మాత్రమే. ఫ్యాను కంటె ముందు ఈ రెగ్యులేటరు పోవును, అది పోయినచో తరువాతి పలక కూడ పోవును. ప్రైమరీ, సెకండరీ ఏవియో తెలియనప్పుడు ప్లగ్గు పెట్టకుండ ఓములలో కొలువుడు. ప్రైమరీ వందల ఓములు, సెకండరీ కొద్ది ఓములు మాత్రమే చూపును. తెలియక సెకండరీకి 230 ఇచ్చినచో ట్రాన్స్‌ఫార్మరు కాలుటయే కాదు, రెండవ వైపు ప్రాణాపాయకరమైన వోల్టేజి పుట్టవచ్చును. ప్రైమరీ ఏమియు చూపకున్నచో చుట్ట తెగినదనియో, లోపలి వేడి ఫ్యూజు పోయినదనియో గ్రహింపవలెను.

అర ఆంపియరు అని వ్రాసిన ట్రాన్స్‌ఫార్మరు నుండి వంతెన, కెపాసిటరు తరువాత అర ఆంపియరు డి.సి. రాదు. దాదాపు 300 మిల్లీ ఆంపియర్లే సురక్షితముగా తీయవచ్చును. రెండవ ఫ్యాను తగిలించినచో మొత్తము 465 అగును. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరు చేయి పెట్టలేనంత వేడెక్కి వోల్టేజి దిగజారును.

తక్కువ వోల్టేజి గల ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మరునే వాడదలచినచో 15-0-15ది తీసుకొని, రెండు డయోడ్లతో, 2200 మైక్రోఫారడులతో కట్టుడు. నడిమి తీగ కాయమునకు, అంటే డి.సి. రుణ వైపునకు పోవలెను. 170 వద్ద కూడ అడుగు 13.8 నిలుచును. అయితే కరెంటు 250కి పెరిగిన వేళ రెగ్యులేటరు మూడు వాట్ల దరిదాపుల వేడిని విడుచును, అల్యూమినియము రేకు తప్పక బిగింపవలెను. నన్నడిగినచో ఇంత కష్టము అక్కరలేదందును. 100-240 వోల్టులు అని వ్రాసియున్న 12 వోల్టుల, 2 ఆంపియర్ల స్విచ్చింగు అడాప్టరు కొని తగిలించుట మేలు. కరెంటు 150కి పడినను అది 12 ఇచ్చును. బల్బుల సంగతి మాత్రము వేరు. 170 వోల్టుల వద్ద ఫిలమెంటు బల్బు తన వేడిలో 60 పాళ్లకు కొంచెము మించి మాత్రమే ఇచ్చును. కావున రాత్రివేళకు బల్బు ఒకటి అదనముగా పెట్టవలెను.

ఇంటి దీపములలో కొన్ని మిక్కిలి మండి, మరికొన్ని మినుకుమినుకు మన్నచో అది పెట్టె లోపము కాదు. స్తంభము వద్ద న్యూట్రలు తెగియుండవచ్చును. అట్టి స్థితిలో ఒకొక ఇంటికి 400కు దగ్గరగా వోల్టేజి రాగలదు. మెయిను ఆపి లైనుమనుకు కబురు పంపుడు. స్తంభము మీరు ఎక్కరాదు. పొదుగు పెట్టెలో తేమ కొరకు నీటి పళ్లెము ఉండును గనుక ట్రాన్స్‌ఫార్మరును, 230 తీగలను పెట్టె వెలుపలనే అమర్చి, ప్రైమరీకి 100 మిల్లీ ఆంపియర్ల నెమ్మది ఫ్యూజు, ఆ ప్లగ్గుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు పెట్టవలెను. మరమ్మతు ముగిసిన తరువాత గ్రుడ్లు పెట్టకుండ ఒక రాత్రి అంతయు ఖాళీ పెట్టెను నడిపి, రాత్రి 7 గంటలకు, తెల్లవారుజామున వేడిని వేరొక థర్మామీటరుతో సరిచూచి ఆపైన గ్రుడ్లు పేర్చుడు.