మాత్ర నలగ్గొడితే ఏమవుతుంది?

సెకండియర్‌లో నాకు అల్సరేటివ్ కోలైటిస్ అని తేలింది. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, విరేచనంలో రక్తం పోయే జబ్బు. కారం మానేస్తే తగ్గుతుందని హాస్టల్లో అందరూ చెప్పారు. మానేశాను, తగ్గలేదు. మన రోగనిరోధక వ్యవస్థే పేగు మీద తిరగబడితే కారం ఏం చేస్తుంది పాపం!

డాక్టర్ మెసాలమిన్ రాశారు. అంత పెద్ద మాత్ర మింగలేక నేను అవస్థ పడుతుంటే మా అమ్మ దాన్ని నలగ్గొట్టి మజ్జిగలో కలిపిచ్చింది. తర్వాత చదివితే తెలిసింది, అలా చేయకూడదని. ఈ మందు పెద్దపేగు గోడను నేరుగా తాకాలి. పూత లేకపోతే చాలావరకు చిన్నపేగే పీల్చేసుకుంటుంది. నా మాత్ర మీది పూత పీహెచ్ 7 దగ్గరకొస్తేనే కరుగుతుంది.

దీనికి ముందున్న సల్ఫాసలజైన్ కథ ఇంకా బాగుంటుంది. స్వీడన్ డాక్టర్ నానా స్వార్ట్జ్ దాన్ని కీళ్లవాతం కోసం తయారు చేయించారు. అందులో రెండు అణువులను ఒక ఆజో బంధం కలిపి ఉంచుతుంది. దాన్ని తెంచేది పెద్దపేగులోని బాక్టీరియా! అంటే మందు చేరాల్సిన చోటే విడిపోతుంది. పేగు మీద పనిచేసేది ఆ రెంటిలో ఒకటేనని 1977లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు. అదే మెసాలమిన్. వికారం, తలనొప్పి ఎక్కువగా రెండోదాని పుణ్యమే.

నాలుగు నెలలకు హాయిగా అనిపించి మాత్రలు ఆపేశాను. సెమిస్టర్ పరీక్షల్లో మళ్లీ రక్తం. ఈసారి స్టెరాయిడ్, ప్రెడ్నిసలోన్. వారంలో తేడా తెలిసింది, మొహం మాత్రం పూరీలా ఉబ్బింది. అది వాపును తగ్గించడానికే, ఏళ్ల తరబడి వాడేది కాదు. ఒక్కసారిగా ఆపకూడదు కూడా, డోసు మెల్లగా తగ్గించాలి. జబ్బు తిరగబెట్టకుండా చూసేది నేను ఆపేసిన ఆ మెసాలమినే.

అదీ చాలకపోతే అజాథయోప్రిన్ ఉంది. పని మొదలుపెట్టడానికే రెండు మూడు నెలలు పడుతుంది. తెల్లరక్తకణాలు పడిపోవచ్చు కాబట్టి రక్తపరీక్షలు తప్పవు. ఆ పైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు. అవి టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటాయి. ఒంట్లో నిద్రపోతున్న టీబీని అదుపులో ఉంచేదీ ఆ ప్రొటీనే. అందుకే ముందు టీబీ పరీక్ష చేస్తారు.

నాకు అంతదాకా రాలేదు. ఇప్పుడు మాత్రకు బదులు పూత వేసిన గుళికల సాషే వాడుతున్నాను. నమలకుండా నీళ్లతో మింగాలి. అమ్మ రోజూ ఫోన్ చేసి అడుగుతుంది, "నమల్లేదు కదా?" అని.