కటకము కొనుటకు ముందు దూరము కొలువుడు

గత వేసవి సెలవులకు ముందు తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తండ్రిని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చెను. వారి యింట అన్న కొన్న పాత కెమేరా యొకటి యున్నది. దానికి 600 మిల్లీమీటర్ల దూరపు కటకము కావలెనని కుమారుని కోరిక. శివడీ తీరమున ఫ్లెమింగో పక్షులను, సెలవులలో పాలమూరు వైపున నున్న స్వగ్రామమును ఫొటోలు తీయవలెనని వాని యుత్సాహము. "సారూ, అది నా రెండు నెలల జీతము. నిజముగా అంత అవసరమేనా?" అని తండ్రి యడిగెను. ఆనాడు వారికి మేము చెప్పిన సమాధానము తక్కిన విద్యార్థులకును తలిదండ్రులకును ఉపయోగపడునని తలచి ఇచ్చట వ్రాయుచున్నాము.

కుంభాకార కటకము నడుమ ఉబ్బి అంచులందు పలుచనై మసూరుపప్పు గింజవలె నుండును. లాటిను భాషలో ఆ గింజకు గల పేరే లెన్సు అను మాటకు మూలము. బహుదూరము నుండి వచ్చు కాంతిని కటకము ఒక బిందువునకు చేర్చును. ఆ బిందువునకును కటకమునకును నడుమ నుండు దూరమే నాభ్యంతరమని మీరు భౌతికశాస్త్రమున చదివియున్నారు. కెమేరా కటకముపై 18, 55, 300 అని కానవచ్చు అంకెలు మిల్లీమీటర్లలో ఈ నాభ్యంతరమునే తెలుపును.

ఆ విద్యార్థి కెమేరాలో చిత్రమును గ్రహించు సెన్సారు సుమారు 24 మి.మీ. వెడల్పు, 16 మి.మీ. ఎత్తు గలది. సరూప త్రిభుజముల లెక్క తెలిసినవారికి ఈ సూత్రము సులభము: దూరమును 24 చే గుణించి నాభ్యంతరముచే భాగించిన, చిత్రమున పట్టు దృశ్యపు వెడల్పు వచ్చును. పెద్ద సెన్సారు గల కెమేరాలకు 24 బదులు 36 వేసికొనవలెను. ఇక ఈ లెక్కతో మూడు చోట్లకు పోవుదము.

మొదటిది మన చాళ్ గది. గోడకు ఆనుకొని నిలిచినను ఎదుటివారు మూడు మీటర్ల దూరమునకు మించి యుండరు. 55 కటకముతో 1.3 మీటర్ల వెడల్పే పట్టును. ఇద్దరు కూర్చుండిన మూడవవాడు తెగిపోవును. 18 తో 4 మీటర్లు పట్టును. ఇంటిల్లిపాదియు అందులో ఇముడుదురు.

రెండవది ప్రయాణము. ఊరి చెరువుకట్టకు, చింతతోపుకు ఆ 18 యే చాలును. నాయనమ్మ ముఖమునకు మాత్రము అది తగదు. దగ్గరకు పోయి తీసినచో ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోవును. రెండు మీటర్ల దూరమున నిలిచి 55 తో తీసినచో ముఖము ముఖమువలె నుండును. ఈ రెండు పనులును కెమేరాతో పాటు వచ్చిన 18–55 కటకమే చేయును. రైలులో రాత్రంతయు ప్రయాణము చేయువానికి బరువు తక్కువగుట కూడ లాభమే.

మూడవది పక్షులు. చిన్న ఫ్లెమింగో ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు. అది 100 మీటర్ల దూరమున నున్నదనుకొనుడు. 55 తో తీసినచో చిత్రపు ఎత్తులో ముప్పదవ వంతు కన్న చిన్నదిగా చుక్కవలె కనబడును. 300 తో ఆరవ వంతు, 600 తో మూడవ వంతు వచ్చును. కనుక బాలుని కోరిక అర్థము లేనిది కాదు. కాని లెక్కలో రెండవ సంఖ్య యొకటి కలదు; అది దూరము. దూరము సగమైనచో నాభ్యంతరము రెట్టింపైనంత ఫలము.

బురదలో దిగి పక్షుల మీదికి పోవలెనని దీని యర్థము కాదు. అట్లు పోయినచో అవి మేత విడిచి యెగిరిపోవును. అవి నీటి అంచున మేయును. పాటు సమయమున నీరు వెనుకకు తగ్గగా అవియు దూరమునకు పోవును. పోటు వచ్చుకొలది నీటి అంచుతో పాటు అవియే ఒడ్డువైపునకు వచ్చును. 100 మీటర్లలో నున్న పక్షి 50 మీటర్లకు వచ్చువరకు కదలక కూర్చుండిన వానికి 300 కటకమే 600 వలె పనిచేయును. ఆటుపోట్ల పట్టికకు వెల లేదు.

అంకె పెద్దదైనంత మాత్రమున కటకము మంచిది కాదు. శిక్షణకై హైదరాబాదున నున్న దినములలో మేమును ఒక దుకాణమున అంకెను చూచి మోసపోతిమి. అది వెలుతురు తక్కువగా గ్రహించు కటకము. తెల్లవారుజామున తీసిన పక్షులన్నియు అలికినట్లు వచ్చెను. అంకె పక్కన ఎఫ్ అను గుర్తుతో నుండు సంఖ్యను అప్పుడు మేము చూడలేదు. నాభ్యంతరమును ఆ సంఖ్యచే భాగించిన కాంతి ప్రవేశించు ద్వారపు వ్యాసము వచ్చును. 300 కటకమునకు ఎఫ్ 5.6 అయిన 54 మి.మీ., ఎఫ్ 2.8 అయిన 107 మి.మీ. వ్యాసము రెట్టింపైన కాంతి నాలుగింతలు. బరువును, వెలయు అట్లే పెరుగును. చేతితో పట్టి తీయునపుడు 300 కటకమునకు సెకనులో 300వ వంతు కన్న తక్కువ కాలము వాడవలెను. ఎగురు పక్షికి 1000వ వంతైనను కావలెను. అందుచే ఎఫ్ 5.6 తో పోవువాడు సూర్యుడు కొంచెము పైకి వచ్చువరకు ఓపిక పట్టవలెను. మొబైలులోని డిజిటల్ జూము తీసిన చిత్రమును కత్తిరించి పెంచుటయే గాని కటకము చేయు పని కాదు.

దూరపు కటకములు కెమేరాలకు 1891లో వచ్చినవి. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడగు రాజా దీనదయాళ్ 1896లో మన బొంబాయిలోను స్టూడియో తెరచెను. ఆ కాలపు బరువైన పెట్టెను, గాజుపలకలను మోసి పనిచేసినవారు ఎక్కడ నిలువవలెనో ముందే నిర్ణయించుకొనక తప్పెడిది కాదు. నేడు బరువు తగ్గినను ఆ నియమము మారలేదు.

తండ్రికి మేము చెప్పినది ఇదియే: 600 వలదు. పాత 70–300 దొరకిన సరిపోవును. అదియు ముందు ఒక ఆదివారము అద్దెకు తెచ్చి చూడుడు. దానికి ముందు బాలుడు రాణీబాగులో నిలిచి, ఎంత దూరమునకు ఎంత పట్టునో లెక్కించి నేర్చుకొనవలెను.

వారు లేచునపుడు బాలునితో మరొక మాట చెప్పితిమి. తెలంగాణమునుండి కట్టడపు పనులకు వచ్చిన కామాఠీల పేర ఈ పేట వెలసినది. ఈ పాత చాళ్లను తొలగించి మ్హాడా ద్వారా కొత్త భవనములు కట్టు పని చేపట్టబడినది. ఫ్లెమింగోలు వచ్చే యేడును రావచ్చును. మీ తాత కూర్చుండు గ్యాలరీ, మెట్లకింద నీళ్ల పీపాలు, బోనాలనాడు స్త్రీలు నిలుచు గుమ్మము మరల రావు. వానికి కావలసిన 18 కటకము నీ చేతిలోనే యున్నది.

సెలవుల పిదప వాడు చూపిన చిత్రములలో మొదటిది వాని గదియే. నలుగురును అందులో ఇమిడియుండిరి.

అభ్యాసము: మీ గ్యాలరీనుండి ఎదుటి చాళ్ 6 మీటర్ల దూరమున నున్నదనుకొనుడు. ఆ విద్యార్థి కెమేరాలో 18 కటకముతో ఎంత వెడల్పు పట్టును? లెక్క కట్టి, ఆ పిదప మెట్టు మెట్టుకు అడుగులు కొలిచి సరిచూడుడు.