ఇంటెలా? ఏఎండీయా? ఏ చిప్పును నమ్మాలి?

కొత్త కంప్యూటరు కొనబోయే మిత్రులు అడిగే మొదటి ప్రశ్న "ఎంత వేగం?" అయితే, రెండోది "ఇంటెల్ తీసుకోవాలా, ఏఎండీ తీసుకోవాలా?" వేగం సంగతి తేల్చటానికి బెంచిమార్కులు బోలెడున్నాయి. "ఏది ఎక్కువకాలం తప్పు చెయ్యకుండా పనిచేస్తుంది?" అంటే మాత్రం "మా ఇంట్లో ఇంటెల్ పదేళ్ళుగా నడుస్తోంది", "మా బావమరిది ఏఎండీ ఏడాదికే పోయింది" లాంటి జవాబులే వస్తాయి. ఒక్క మెతుకు పట్టుకుంటే కుండలో అన్నమంతా ఉడికిందో లేదో తెలుస్తుంది. కానీ ఒక్క చిప్పును చూసి కోట్ల చిప్పుల గురించి చెప్పలేం. అందుకని ఈసారి కొన్ని ఆధారాలు చూద్దాం.

చిప్పు ఎన్ని రకాలుగా చెడుతుంది?

ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది డిజైనులోనే దొర్లిన తప్పు. ఆ మోడలు చిప్పు అమెరికాలో ఉన్నా, దుబాయిలో ఉన్నా ఒకే తప్పు చేస్తుంది. రెండోది తయారీ లోపం. ఒకే వేఫరు నుంచి కోసిన రెండు చిప్పుల్లో ఒకటి బాగుంటుంది, పక్కది బాగుండదు. ఫ్యాక్టరీ పరీక్షల్లో ఇలాంటివి చాలావరకు దొరికిపోతాయి, కొన్ని తప్పించుకుంటాయి. మూడోది అరుగుదల. చిప్పులో కదిలే భాగాలు లేకపోయినా అది అరుగుతుంది. వోల్టేజీ, వేడి ఎక్కువైన కొద్దీ ట్రాన్సిస్టర్ల గుణాలు మెల్లగా మారిపోతాయి. నిరుడు ఒక వేగానికి సరిపోయిన వోల్టేజీ ఈ ఏడు సరిపోదు.

డిజైను తప్పు బయటపడితే అందరికీ తెలుస్తుంది, పేపర్లో పడుతుంది. తయారీ లోపం, అరుగుదల మాత్రం మన ఒక్క చిప్పుకే పరిమితం కావచ్చు. "ఫలానా కంపెనీ చిప్పులు మంచివి కావు" అనేముందు ఇది ఏ రకం తప్పో చూసుకోవాలి.

ఇంటెల్ చరిత్ర

అన్నిటికన్నా పేరు పడ్డది 1994 నాటి పెంటియం భాగహారం తప్పు. వర్జీనియాలో గణితం ప్రొఫెసరు థామస్ నైస్లీ జంట ప్రధాన సంఖ్యల మీద లెక్కలు చేస్తూ దాన్ని పట్టుకున్నారు. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి. పెంటియం 1.33374 అని చెప్పేది. భాగహారం కోసం చిప్పులో పెట్టిన పట్టికలో కొన్ని గళ్ళు ఖాళీగా ఉండిపోవటం దీనికి కారణం. మామూలు వాడకందారుడికి ఈ తప్పు 27,000 ఏళ్ళకొకసారి తగులుతుందని ఇంటెల్ అన్నది. కాదు, 24 రోజులకొకసారి తగలొచ్చని ఐబీఎం అన్నది. ఒకే చిప్పుకు ఇంత తేడా ఎలా వచ్చింది? రోజుకి ఎన్ని భాగహారాలు, ఎలాంటి అంకెలతో చేస్తారన్న ఊహలు వేరు కాబట్టి. అవసరం ఉందని తేలినవారికే చిప్పు మారుస్తామన్న ఇంటెల్ చివరికి దిగివచ్చి, అడిగినవారందరికీ మారుస్తామని డిసెంబరులో ప్రకటించింది. అందుకు 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది.

2000లో మరో ముచ్చట. గిగాహెర్ట్జ్ పందెంలో ఏఎండీ ముందుకి దూకటంతో ఇంటెల్ 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం త్రీని హడావిడిగా విడుదల చేసింది. లినక్స్ కెర్నెల్ కంపైల్ చేస్తే మధ్యలో పడిపోతోందని సమీక్షకులు చూపించారు. నెల తిరిగేలోపు ఇంటెల్ ఆ చిప్పును వెనక్కి తీసుకుంది.

2024లో 13వ, 14వ తరం డెస్క్‌టాప్ చిప్పుల గొడవ వచ్చింది. ఆటలు ఉన్నట్టుండి ఆగిపోయేవి, "వీడియో మెమొరీ చాలదు" అన్న సందేశం కనిపించేది. పాపం జనం గ్రాఫిక్స్ కార్డుని అనుమానించారు, అసలు దోషి ప్రాసెసరు. ఎక్కువ వోల్టేజీ, వేడి వల్ల కోరులోని క్లాకు సర్క్యూట్ త్వరగా అరిగిపోతోందని తేలింది. ఇంటెల్ మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, వారంటీని మరో రెండేళ్ళు పొడిగించింది.

ఏఎండీ చరిత్ర

అటువైపు అంతా సవ్యంగా ఉందనుకోకండి. 2007లో వచ్చిన బార్సిలోనా ఆప్టెరాన్, ఫినామ్ చిప్పుల్లో టీఎల్‌బీ తప్పు బయటపడింది. బయోస్‌లో సవరణ ఉండేది, కానీ దాన్ని పెట్టుకుంటే వేగం బాగా తగ్గిపోయేది. 2008లో కొత్త స్టెప్పింగ్ వచ్చాకే అసలు పరిష్కారం దొరికింది. 2017లో తొలి రైజెన్ చిప్పులు కొన్ని, లినక్స్‌లో పెద్ద ప్రోగ్రాములను సమాంతరంగా కంపైల్ చేస్తుంటే సెగ్మెంటేషన్ ఫాల్టులతో పడిపోయేవి. ఫిర్యాదు చేసినవారికి ఏఎండీ వేరే చిప్పులు ఇచ్చింది. 2023లో రైజెన్ 7000 వరసలో కొన్ని చిప్పులు మదర్‌బోర్డు సాకెట్టుతో సహా మాడిపోయాయి. మెమొరీ వేగం పెంచేందుకు బోర్డులు ఇచ్చిన వోల్టేజీ ఎక్కువైంది. ఏఎండీ ఆ వోల్టేజీకి 1.3 వోల్టుల పరిమితి పెట్టింది.

సర్వర్లు చూసుకునేవారు గుర్తుంచుకోవలసినది ఇంకొకటి. ఎపిక్ 7002 వరస చిప్పుల్లో సుమారు 1044 రోజులు రీబూట్ లేకుండా నడిస్తే ఒక కోరు నిద్ర నుంచి లేవకుండా ఉండిపోవచ్చని 2023లో బయటికొచ్చింది. మూడేళ్ళుగా సర్వరు ఆపలేదని గొప్ప చెప్పుకునేవారికి ఇది మంచి పాఠం.

రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పందెంలో నెగ్గాలని చిప్పును అంచు దాకా తోసినప్పుడు, లేదా కొత్త డిజైను మొదటి విడతగా బయటికొచ్చినప్పుడు తప్పులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. పెట్టె మీద ఉన్న పేరుకంటే ఇదే ముఖ్యం.

లెక్కలు ఏమంటున్నాయి?

మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లో ఒక పత్రం ప్రచురించారు. ఇళ్ళలో వాడే సుమారు పది లక్షల కంప్యూటర్ల నుంచి వచ్చిన విండోస్ క్రాష్ నివేదికలను వాళ్ళు పరిశీలించారు. ప్రాసెసరు కంపెనీల పేర్లు చెప్పకుండా "ఎ", "బి" అన్నారు. ఓవర్‌క్లాక్ చెయ్యని యంత్రాల్లో ప్రాసెసరు తప్పుతో క్రాష్ అయినవి "ఎ"లో 400కి ఒకటి, "బి"లో 390కి ఒకటి. అంటే తేడా లేనట్టే! ఓవర్‌క్లాక్ చేసిన యంత్రాల్లో "ఎ"కి 21కి ఒకటి, "బి"కి 86కి ఒకటి. బ్రాండు మార్చితే రాని తేడా, వోల్టేజీనీ వేగాన్నీ కెలికితే వచ్చింది.

ఇంకో విశేషం. ఒకసారి ఇలా క్రాష్ అయిన యంత్రం రెండోసారి కూడా అయ్యే అవకాశం మూడింట ఒక వంతు దాకా ఉంది. "ఏదో ఒక్కసారి అయింది, పోనీలే" అనుకోవటం సరికాదన్నమాట. ల్యాప్‌టాప్‌లు డెస్క్‌టాప్‌ల కంటే తక్కువగా క్రాష్ అయ్యాయని కూడా తేలింది. ఆ లెక్కలు అప్పటి చిప్పులవే అయినా, వేడి, వోల్టేజీ చేసే హాని అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

చెప్పకుండా చేసే తప్పులు

క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది. తెలియకుండా తప్పు జవాబిచ్చే చిప్పు అంతకంటే ప్రమాదం. ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2021లో ఇలాంటి ఉదాహరణ ఒకటి ప్రచురించారు. 1.1ను 53వ ఘాతానికి పెంచి పూర్ణాంకం తీసుకుంటే 156 రావాలి. ఒక సర్వరులో ఒకే ఒక కోరు మాత్రం సున్నా అని చెప్పేది. అదే కోరు 52వ ఘాతానికి సరైన జవాబే ఇచ్చేది! ఆ సున్నాని ఫైలు సైజుగా భావించిన ప్రోగ్రాము కొన్ని ఫైళ్ళను వదిలేసింది. ఎక్కడా ఎర్రర్ లేదు. అదే ఏడాది గూగుల్ కూడా, కొన్ని వేల యంత్రాలకు ఇలాంటి కోర్లు కొన్ని ఉంటున్నాయని రాసింది. మనం రాసిన ప్రోగ్రాములో బగ్ లేదని ఒట్టేసి చెప్పే సందర్భాల్లో, ఎప్పుడో ఒకసారి, మన మాట నిజమే కావచ్చు.

మరి ఏం చెయ్యాలి?

1. పూర్తిగా కొత్త డిజైను చిప్పయితే కొన్నాళ్ళు ఆగండి. మొదటి బయోస్ సవరణలు వచ్చాక కొంటే తలనొప్పి తగ్గుతుంది.

2. బయోస్‌లో చిప్పు తయారీదారు సూచించిన డిఫాల్టు విలువలు ఉన్నాయో లేదో చూడండి. బెంచిమార్కుల కోసం కొన్ని మదర్‌బోర్డులు తమంతట తామే హద్దులు దాటిస్తాయి. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో మెమొరీ ప్రొఫైళ్ళు కూడా ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తాయి.

3. 13వ, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ఉంటే బయోస్ వెంటనే అప్‌డేట్ చెయ్యండి. ఇప్పటికే అరిగిన చిప్పును ఆ సవరణ బాగుచెయ్యదు. లక్షణాలు కనిపిస్తే వారంటీలో మార్పించుకోండి.

4. కారణం తెలియని క్రాష్ వస్తే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ సందేశాలు, లినక్స్‌లో మెషీన్ చెక్ సందేశాలు వెతకండి. ముందు మెమొరీ పరీక్ష చేసి, పవర్ సప్లై, వేడి సంగతి చూడండి. ప్రతిసారీ ఒకే కోరు పేరు వస్తుంటే ప్రాసెసరుని అనుమానించండి.

5. లెక్క తప్పితే నష్టం జరిగే పని అయితే ఈసీసీ మెమొరీ వాడండి, ముఖ్యమైన ఫైళ్ళకు చెక్‌సమ్‌లు ఉంచుకోండి. పైన చెప్పిన సున్నా లాంటి తప్పుని ఈసీసీ పట్టుకోలేదు. చిప్పు ఏ కంపెనీదైనా, ఫలితాన్ని ఇంకో యంత్రం మీద సరిచూసుకోవటమే దానికి మందు.

6. ఇండియాలో అమ్మానాన్నలకి కంప్యూటరు పంపిస్తుంటే బ్రాండు గురించి మథనపడకండి. వారంటీ అక్కడ చెల్లుతుందో లేదో ముందే అడగండి. ఎండాకాలపు వేడి, ఫ్యాన్లో పేరుకునే దుమ్ము, వోల్టేజీ హెచ్చుతగ్గులు ఏ చిప్పుకైనా శత్రువులే. డెస్క్‌టాప్ అయితే మంచి యూపీఎస్ కూడా కొనండి. ఏడాదికోసారి ఊరెళ్ళినప్పుడు ఫ్యాన్ శుభ్రం చేసి, బయోస్ అప్‌డేట్ చేసి రండి.

ఇంటెలా, ఏఎండీయా అన్న ప్రశ్నకి ధర, వేగం, కరెంటు ఖర్చు చూసి మీకు నచ్చిన జవాబు చెప్పుకోండి. నమ్మకం విషయానికొస్తే "ఈ ఫలానా మోడలులో ఇంతవరకు ఏం తప్పులు బయటపడ్డాయి? వాటికి కంపెనీ ఏం చేసింది?" అని అడగండి. రెండు కంపెనీలూ తమ చిప్పుల తప్పుల జాబితాలను ఎర్రాటా పేరుతో ప్రచురిస్తాయి. కొనేముందు ఒక పావుగంట ఆ జాబితా తిరగెయ్యండి.